పెద్దోళ్ళ గొంతులో పిల్లల జబ్బు

కంఠసర్పిని, అదే డిఫ్తీరియాను, మీలో చాలామంది చూసి ఉండరు. కొత్తగా సచివాలయాల్లో ఏఎన్ఎంలుగా చేరిన అమ్మాయిల్ని అడిగితే "పుస్తకంలో చదివాం మేడమ్" అంటారు. చూడకపోవడం మంచిదే. మేము ఎండలో పడి పల్లెపల్లెకూ తిరిగి సూదులు వేసింది మీరు దాన్ని చూడకూడదనే. కానీ ఎప్పుడూ చూడని జబ్బు ఒకనాడు ఎదురొస్తే గుర్తుపట్టడం కష్టం. అందుకని, నేను రిటైరయ్యే ముందు జరిగిన ఒక సంగతి మీకోసం రాస్తున్నాను. పేర్లు రాయను. ఆ మనుషులు, వాళ్ళ పిల్లలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మడకశిర చుట్టుపక్కల పల్లెల్లో ఆ జబ్బు పేరెత్తితే తల్లులు బిడ్డల్ని దగ్గరికి లాక్కునేవారు. పిల్లల గొంతులో బూడిదరంగు పొర కడుతుంది. అది మందమై ఊపిరికి అడ్డం పడుతుంది. అలా పోయిన పిల్లల్ని నేను నా కళ్ళతో చూశాను. తర్వాత సూదులు నిలకడగా పడటం మొదలైంది. మొదట్లో మమ్మల్ని చూసి తలుపులు వేసుకున్న తల్లులే తర్వాత్తర్వాత "ఈ బుధవారం వస్తారా, రారా" అని దబాయించి అడిగేదాకా వచ్చారు. ఏళ్ళు గడిచేకొద్దీ జబ్బు కనిపించకుండా పోయింది. దాంతో నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది. కంఠసర్పిని తరిమేసినవాళ్ళలో నేనూ ఒకదాన్నని చెప్పుకునేదాన్ని. సూపర్‌వైజర్నయ్యాక ఆ మాట ఇంకా ఎక్కువసార్లు చెప్పాను.

మా ఆరోగ్య కేంద్రంలో అప్పుడు ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చాడు. మెత్తని మనిషి. మా జనం మాట్లాడేది సగం అర్థంకాక నా మొహంకేసి చూసేవాడు, నేను తర్జుమా చేసేదాన్ని. ఇంకొకాయన హెల్త్ అసిస్టెంటు, నాతో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. నోరు పెద్దది. ఎవరినీ ఒక మాట అనకుండా వదిలేవాడు కాదు. నేనేమో ఆయన్ని రెండు అనకుండా వదిలేదాన్ని కాదు. అలా మా ఇద్దరికీ బాగానే జరిగిపోయేది.

శెనక్కాయ విత్తడానికి జనం వానకోసం ఎదురుచూస్తున్న రోజులవి. పొద్దున ఓపీలో కూర్చుని ఉండగా ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు. దగ్గరి పల్లెలో జీవాలు, అంటే గొర్రెలు, కాసుకునేవాళ్ళు. ఆయనకు నలభై దాటి ఉంటాయి. బారు మీసాలు, భుజాన కంబళి, మెడలో మాత్రం ఆడవాళ్ళు వేసుకునే బంగారు గొలుసు. అదీ సన్నది కాదు, పెద్దింటి గొలుసు. మెడ ఎంత వాచిందంటే గొలుసు చర్మంలోకి దిగిపోయింది.

"ఏమప్పా, పెండ్లికి పోతాండావా?" అన్నాడు మా హెల్త్ అసిస్టెంటు.

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. భార్యే చెప్పింది. "గవదలన్నా. గొలుసేసినా తగ్గల్యా. సంగటి గూడా మింగలేకపోతాండాడు."

మా వైపు గవదబిళ్ళలు వస్తే మెడలో బంగారం వేస్తారు. సొంతంగా లేనివాళ్ళు అడిగి తెచ్చుకుంటారు. ఆ పల్లెలో అయితే దానికోసం ఒక గొలుసే ఉంది. ఊళ్ళో భూములున్న ఇంటి పెద్దమ్మది. ఎవరి మెడ వాచినా ఆమె ఇంటికే పోయేవారు. ఆమె కూడా కాదనకుండా ఇచ్చేది. గవదలు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి, పేరంతా గొలుసు కొట్టేసింది.

డాక్టరు ఆయన్ని నోరు తెరవమన్నాడు. టార్చి వేసి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచి "మేడమ్, ఇది గవదలు కాదు. మీరొకసారి చూడండి" అన్నాడు. చూశాను. గొంతు వెనక బూడిదరంగు పొర. దాని వాసన కూడా నాకు తెలుసు. అయినా నా నోటినుంచి వచ్చిన మొదటి మాట, "ఉండదు సార్, పెద్దవాళ్ళకు రాదది" అని. కళ్ళు చూస్తున్నది ఒకటి, నోరు అన్నది ఒకటి. అన్నేళ్ళ అనుభవం నా చేత ఆ మాట అనిపించింది. డాక్టరు నాతో వాదించలేదు. ఫోను తీసుకుని బయటికి వెళ్ళి, పెద్దాసుపత్రిలో తన సీనియరుకు ఫోను చేశాడు. అంబులెన్స్ పిలిపించాడు. ఈ జబ్బు విషానికి విరుగుడు మందు ఒకటుంది, అది ఎక్కడంటే అక్కడ దొరకదు. అది ఎక్కడుందో కనుక్కుని, ఆ సాయంత్రానికి ఆయన ఒంట్లోకి ఎక్కేలా చేసింది ఆ కుర్రవాడే. అన్న బతికాడంటే అందువల్లే.

అన్న అని ఎందుకంటున్నానంటే, ఆయనకొక తమ్ముడున్నాడు. ఈ కథ ఆ తమ్ముడిది.

అంబులెన్స్ ఎక్కేటప్పుడు భార్య ఆ గొలుసు తీసి నా చేతిలో పెట్టింది. "పెద్దమ్మకు ఇచ్చెయ్యక్కా, ఆసుపత్రిలో పోగొట్టుకుంటే మేము తీర్చలేము" అంది. ఎలాగూ ఆ పల్లెకు వెళ్ళాలి. ఇంట్లోవాళ్ళకు, చుట్టుపక్కలవాళ్ళకు మాత్రలివ్వాలి, సూదులు వేయాలి. అసిస్టెంటు మోటార్‌సైకిలు వెనక కూర్చుని వెళ్ళాను. ముందు పెద్దమ్మ ఇంటికి పోయి గొలుసు ఇచ్చాను. స్పిరిట్‌తో తుడిచి ఇచ్చానని ఆమెకు కోపం వచ్చింది.

"దానికేమి మైల అంటుతాదని తుడిచినావు? మొన్ననే గదా తెచ్చిచ్చిరి. మళ్ళా తీసకపోయిరి" అంది.

"మొన్న ఎవరు తీసుకుపోయారు పెద్దమ్మా?"

"వాళ్ళ చిన్నోడు. వానికీ మెడ వాచె. నాలుగు దినాలు ఏసుకుని, తగ్గినంక ఇచ్చిపోయినాడు. ఆ పొద్దే జీవాలు తోలుకుని పాయ. ఆనక అన్నకు వచ్చినాదని వదిన వచ్చి అడిగె. చూసినావా, చిన్నోనికి తగ్గిచ్చినాది గదా నా గొలుసు!"

జబ్బు మొదలైంది అన్నతో కాదు, తమ్ముడితో. నేను పల్లెంతా తిరిగి ప్రశ్నలు వేసినా బయటపడేదో లేదో, ఆ సంగతి గొలుసు వల్ల బయటపడింది. పెద్దమ్మకు మాత్రం గొలుసు ఓడిపోయిందని చెప్పడానికి నాకు మనసు రాలేదు. "నువ్వూ సూది వేయించుకో పెద్దమ్మా" అంటే "నన్నేమి చంటిపిల్లనుకున్నావా" అని లోపలికి పోయింది.

డాక్టరుకు ఫోను చేసి చెప్పాను. ఆయన గొంతు మారిపోయింది. "తమ్ముడికి గొంతు తగ్గింది కదా అని వదలకూడదు మేడమ్. ఈ విషం గుండెను పట్టుకుంటుంది. గొంతు తగ్గాకే, రెండో వారంలో, మూడో వారంలో. అప్పుడు మనిషి పడుకునే ఉండాలి, లేచి నడవకూడదు. ఎక్కడున్నాడు?"

ఎక్కడున్నాడంటే, ఎండలో జీవాల వెంబడి నడుస్తున్నాడు.

మా వైపు జీవాలున్నవాళ్ళు మేతకోసం వేసవిలో దూరం పోతారు. రాత్రిళ్ళు మందను రైతుల చేలల్లో ఆపుతారు, ఆ ఎరువుకు రైతు వాళ్ళకు తిండిగింజలిస్తాడు. రెండు రాత్రులు ఒక చేను, తర్వాత ఇంకొకటి. తమ్ముడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. భార్య చిన్నపిల్ల. చంకలో ఏడాదిన్నర పిల్లవాడు. వాడికి బూస్టరు సూది వేయాల్సిన నెల అది. వాడి గొంతు చూశాను, శుభ్రంగా ఉంది. అప్పటిదాకా పడాల్సిన సూదులన్నీ సరిగ్గా పడ్డ పిల్లవాడు. తెచ్చిన సూదులు దారిలో ఇళ్ళకే అయిపోవడంతో, తల్లికీ బిడ్డకూ మందు మాత్రం ఇచ్చి, సూది తర్వాత వేద్దామనుకున్నాను.

"ఆయప్పకు తగ్గిపాయ గదక్కా. గార్లదిన్నె పక్కల ఉండామని నిన్న ఫోను చేసినాడు" అంది.

ఆమె ఫోను కలిపి ఇచ్చింది. అవతల గంటల చప్పుడు, గొర్రెల అరుపు. విషయం చెప్పాను.

"నాకేమీ లేదక్కా. బాగుండా. ఊరికే కొంచెం ఆయాసం, ఎండకు. చేను మారతాండాము, ఇద్దరమే ఉండాము, నేను, మామ. జీవాల్ని ఇడిసిపెట్టి యాడికొచ్చేది?" అన్నాడు. తర్వాత మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఆయాసం అన్న మాట నేను ఆమెకు చెప్పలేదు. కానీ ఆడవాళ్ళు మన మొహం చదివేస్తారు. "ఏమన్నాడు? ఏమన్నాడు చెప్పక్కా" అని నా చేయి పట్టుకుంది.

పొద్దున్నే జీపులో నేను, అసిస్టెంటు, డ్రైవరు బయల్దేరాం. బయల్దేరే ముందు డాక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. రాత్రంతా చదివినట్టున్నాడు. పెద్దవాళ్ళకు ఎందుకు వచ్చిందో చెప్పాడు. చిన్నప్పుడు వేసిన సూది బలం జీవితమంతా ఉండదు. పాతకాలంలో ఆ క్రిమి పల్లెల్లో తిరుగుతూనే ఉండేది కాబట్టి, పిల్లప్పుడు బతికి బయటపడ్డవాళ్ళకు అది మళ్ళీ మళ్ళీ తగిలి బలాన్ని కొత్త చేస్తుండేది. ఇప్పుడు పిల్లలకు సూదులు పడి క్రిమి తిరగడం తగ్గిపోయింది. పెద్దవాళ్ళకు ఆ తగలడమూ లేదు, మళ్ళీ సూదీ లేదు. ఎక్కడినుంచో ఒక క్రిమి వచ్చిపడితే ఇప్పుడు దానికి దొరికేది పెద్దవాళ్ళే.

"అంటే మనం పిల్లల్ని కాపాడి, పెద్దవాళ్ళను ఒట్టి చేతులతో నిలబెట్టామన్నమాట" అన్నాను.

"అలా అనకండి మేడమ్. మొత్తమ్మీద చూస్తే లాభమే. ఈ జబ్బుకు పెద్దవాళ్ళకు మళ్ళీ సూది వేస్తే సరిపోతుంది. కానీ ఈ మాట బయట చెప్పొద్దు. పిల్లల సూదుల వల్ల పెద్దవాళ్ళకు జబ్బు వస్తోందని తిప్పి చెప్పుకుంటారు, రేపటినుంచి ఒక్క తల్లి రాదు."

ఆయన భయం అబద్ధం కాదు. ఇక్కడ మీకొకటి చెప్పాలి. పిల్లలకు వేసే సూది పెద్దవాళ్ళకు చేసేది ఎప్పుడూ ఇలాగే ఉండదు. ఇప్పుడు చంటిపిల్లలకు నిమోనియా సూది వేస్తున్నారు చూడండి, దానివల్ల ఇంట్లో ముసలివాళ్ళకు మేలు. అవ్వాతాతలకు ఆ క్రిమిని అంటించేది ఎక్కువగా ఒళ్ళో కూర్చునే మనవళ్ళే. పిల్లవాడి ముక్కులో క్రిమి లేకపోతే అవ్వ ఊపిరితిత్తులకు రాదు. ఒక సూదికి రెండు ప్రాణాలు. కంఠసర్పి సూది కూడా పెద్దవాళ్ళకు చెడు చేసేది కాదు, మళ్ళీ వేయించుకోవాలి, అంతే. ఆ "అంతే" దగ్గరే మనం ఆగిపోయాం.

గార్లదిన్నె దగ్గర దారిలో కనిపించిన ప్రతివాణ్ణీ అడిగాం. మడకశిర మంద ఎటు పోయిందని. ఒక చేను నల్లగా పెంటికలతో నిండి ఉంది. ఆ రైతు "నిన్న తెల్లారే ఎత్తిరి. పామిడి పక్కకు పోతామనిరి. ఆ చిన్నాయప్ప నడవలేక నడవలేక పోతాండె" అన్నాడు. అసిస్టెంటు ఆ మాట విన్నాక పామిడి దాకా ఒక్క పరిహాసం ఆడలేదు. ఆయన నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్క రోజే.

పెన్న ఇసుక కనిపించే చోట, రోడ్డుకు బాగా లోపల, దున్నిన చేలో మంద ఉంది. ఒక ముసలాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనే ఆ అన్నదమ్ముల మేనమామ. తమ్ముడు మంద చుట్టూ కట్టిన వలకట్టు నీడలో కూర్చుని అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను తల్లి దగ్గర పాలకు పట్టిస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"లేవద్దు. కదలద్దు" అని అరిచాను. గొర్రెలు కూడా బెదిరి పక్కకు పోయాయి.

చేయి పట్టుకుని నాడి చూశాను. దాని గురించి ఎక్కువ రాయను. నాలుగు కొట్టుకుని, ఒకటి మానేసి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు కొట్టుకునే నాడి అది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. ముప్పై కూడా ఉండవు. నవ్వుతున్నాడు.

అసిస్టెంటు మాత్రలు తీశాడు, సూదులు తీశాడు. మామ వెనక్కి జరిగాడు. "అంగన్వాడీలో పిల్లోళ్ళకేసే సూది నాకేంటికప్పా? నవ్వుతారు."

"పారుడు రోగానికి జీవాలకు సూదులేయిస్తావా, లేదా?" అన్నాడు అసిస్టెంటు.

"ఏయిస్తా."

"పిల్లలకేనా, మందంతటికీనా?"

"మందంతటికీ. ఒక్కటి ఇడిసినా దాంతోనే మొదలయితాది" అంటూనే మామ నోరు ఆగిపోయింది. చొక్కా చేయి పైకి లాక్కున్నాడు.

తమ్ముడు అంతా చూస్తున్నాడు. అప్పుడు అడిగాడు. "అక్కా, నా కొడుక్కు రాల్యా, నా పెండ్లానికి రాల్యా. వాడు నా మూతి నాకుతా ఉంటాడు, వానికే రాల్యా. ఇది పిల్లోళ్ళ జబ్బంటిరి గదా. నాకెట్లొచ్చె?"

భార్యకు ఎందుకు రాలేదో తేలిగ్గా చెప్పాను. కడుపుతో ఉన్నప్పుడు వేసిన సూదిలో ఈ మందు కూడా ఉంటుంది. మిగతాది చెప్పకుండా తప్పించుకోవచ్చు. ఎండ అనొచ్చు, నీళ్ళు అనొచ్చు. కానీ గుండె తప్పుతున్న మనిషి అడుగుతుంటే నాకు అబద్ధం నోట్లోకి రాలేదు. డాక్టరు చెప్పిందంతా వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాను. పిల్లలందరికీ సూదులు పడ్డాయి కాబట్టి క్రిమి ఊళ్ళో తిరగట్లేదని, అది తిరగకపోబట్టి పెద్దవాళ్ళ బలం కొత్త కాలేదని, వాడికి చిన్నప్పుడు మంద వెంబడి తిరుగుతుంటే పడిన సూదులే అరకొర అని.

"అంటే పిల్లోళ్ళు బాగుండారు గాబట్టి అది నా మీదికొచ్చినాదా?"

"ఒక రకంగా అంతే."

"అట్లైతే రానీలేక్కా. వానికి రాల్యా, అది చాలు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీకూ రాకూడదురా! నీకు రావాలని రాసిపెట్టలేదు ఎవరూ! ఎక్కు జీపు" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ కోపం వాడి మీద కాదని తెలుస్తోంది. అప్పుడు మాత్రం వాణ్ణే తిట్టాను.

జీపు చేలోకి రాదు. వాణ్ణి నడవనివ్వకూడదు. కంబళి పరిచి వాణ్ణి పడుకోబెట్టి, అసిస్టెంటు, డ్రైవరు, మామ, నేను నాలుగు మూలలూ పట్టుకున్నాం. పక్క చేల రైతులు చూస్తున్నారు. వాడికి సిగ్గుతో మొహం ఎర్రబడింది.

"బతికుండంగనే మోస్తాండారే!" అన్నాడు.

ఎవరం నవ్వలేదు. మామ జీపుదాకా మోసి, మందను వదిలి రాలేక, అక్కడే నిలబడిపోయాడు. దారంతా వాడు నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. కొడుకుని బడికి పంపాలని, జీవాల్లో పెట్టకూడదని. మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

పెద్దాసుపత్రిలో చేయాల్సిందంతా చేశారు. అక్కడి డాక్టర్లను ఒక్క మాట అనలేను. గుండెకు పట్టిన విషాన్ని వెనక్కి లాగే మందు లేదు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. వాడు రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించాడు. మూడోనాడు పొద్దున, ఆమె టీ తేవడానికి కిందికి దిగినప్పుడు, తనంతట తాను లేచి కూర్చోబోయి అలాగే ఒరిగిపోయాడట. అన్న అదే ఆసుపత్రిలో ఇంకో వార్డులో కోలుకుంటున్నాడు. ఆయనకు చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలక, ఆ పని కూడా నా మీదే పడింది. అది రాయను.

పన్నెండో రోజు కూడా కాకముందే మాట ఊరంతా పాకింది. మామ నేను చెప్పింది విన్నాడు కదా. ఆయన ఉన్నదున్నట్టే చెప్పాడు, కానీ ఇంటింటికీ మాట మారింది. పిల్లోళ్ళకు సూదులేస్తే ఆ జబ్బు పెద్దోళ్ళ మీదికి దూకుతుందట, సిస్టరమ్మే చెప్పిందట. బుధవారం అంగన్వాడీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఐస్ బాక్సులో సూదులున్నాయి. ఆశా కార్యకర్త ఇంటింటికీ పోయి తిరిగొచ్చింది, ఒక్కరూ రాలేదు. డాక్టరు ఫోను చేశాడు. "వద్దన్నాను కదా మేడమ్" అనలేదు, అనే హక్కు ఉన్నా అనలేదు. "ఇప్పుడు అదంతా ఉత్తమాట అని గట్టిగా చెప్పేయండి. ఇంకో దారి లేదు" అన్నాడు.

నాకు నిజంగా భయం వేసింది. నా చేతులతో ఏళ్ళ తరబడి కట్టిన నమ్మకం నా నోటితోనే కూలిపోతోంది. ఆ పల్లెలో బూస్టరు పడాల్సిన పిల్లలు ఎందరో ఉన్నారు. క్రిమి ఊళ్ళోకి వచ్చి వెళ్ళింది. ఇప్పుడు పిల్లలు ఆగిపోతే, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసినదే మళ్ళీ చూడాలి.

ఐస్ బాక్సు భుజాన వేసుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళాను. సూదికోసమని కాదు, పలకరించాలి కదా. వాకిట్లో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మాటలు ఆపేశారు. ఆమె గోడకు ఆనుకుని ఉంది, పిల్లవాడు ఒళ్ళో. నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ఆమే ముందు మాట్లాడింది.

"పిల్లోళ్ళకు సూదులేసినందుకే మా ఆయప్పకు వచ్చినాదని నువ్వే చెప్పినావంట. మామ చెప్పె. నిజమేనా?"

వాకిలంతా చెవులు రిక్కించింది. కాదు అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాటతో అందరూ తేలికపడేవారు, నేనూ తేలికపడేదాన్ని.

"చెప్పాను. నిజమే" అన్నాను. తర్వాత మొదటినుంచీ చెప్పాను. సూది వల్ల రాలేదు, వాడికి రెండోసారి సూది లేకపోవడం వల్ల వచ్చింది. పాత రోజుల్లో ఈ జబ్బు వాకిట్లో కూర్చున్న వీళ్ళ పిల్లల్ని తీసుకుపోయేది. ఇప్పుడు పిల్లల దగ్గరికి రాలేక, కాపు లేని పెద్దవాళ్ళను వెతుక్కుంటోంది.

"పెద్దోళ్ళకు గూడా సూదుండాదా?"

"ఉంది."

"ఉంటే మాకేంటికి చెప్పల్యా?"

దీనికి నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. "పిల్లలకు ఒక వారం ఉంది, బుధవారం. కడుపుతో ఉన్నవాళ్ళకు ఒక వారం ఉంది. బడికి పోయే పిల్లలకు బళ్ళో వేస్తాం. మగవాళ్ళకు సూది వేసే వారమే మా దగ్గర లేదమ్మా. వాళ్ళు రారు, మేము అడగం."

పిల్లవాడు ఆమె కొంగు లాగుతున్నాడు. ఆమె వాడి చేతిలోంచి కొంగు విడిపించింది.

"నువ్వు లేదు, అబద్దమనింటే, వీనికి ఇంగ జన్మలో సూది ఏయించేదాన్ని గాదు" అంది. "మామ అబద్దం చెప్పే మనిషి గాదు. నువ్వు గూడా గాదులే."

పిల్లవాణ్ణి తిప్పి ఒళ్ళో పడుకోబెట్టి, నిక్కరు పైకి లాగి, తొడ గట్టిగా పట్టుకుంది. "ఏయి" అంది. వేశాను. వాడు ఊరు లేచిపోయేలా ఏడ్చాడు. వాణ్ణి భుజానికెత్తుకుని, ఇంకో చేత్తో తన జాకెట్టు చేయి పైకి లాక్కుని నావైపు జరిగింది. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె లేచి, ఇంటికి వెళ్ళి, తన పిల్లను ఎత్తుకొచ్చింది. ఆ వెనక ఇంకొకామె. బాక్సులో ఉన్నవన్నీ అయిపోయాయి.

వచ్చేటప్పుడు ఆమె గుమ్మందాకా వచ్చింది. "మగోళ్ళకు గూడా ఒక వారం పెట్టు. నేను పిల్చకొస్తా" అంది.

డాక్టరు పెట్టాడు. పైవాళ్ళను ఎలా ఒప్పించాడో నేను అడగలేదు. ఆ రోజు పొద్దున అంగన్వాడీ ముందు నిలబడి చూస్తుంటే, ఆమె ముందు నడుస్తోంది, చంకలో పిల్లవాడు. వెనకాల ఆ పల్లె మగవాళ్ళంతా కంబళ్ళు భుజాన వేసుకుని, చొక్కా చేతులు ముందే మడుచుకుని, బడిపిల్లల్లా సిగ్గుపడుతూ వస్తున్నారు. మా అసిస్టెంటు ఒక్కొక్కరినీ పేరుపేరునా ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. చివరన, ఆసుపత్రి నుంచి వచ్చి ఇంకా తేరుకోని అన్న, మామ చేయి పట్టుకుని నెమ్మదిగా నడుస్తున్నాడు. పల్లెలో మగవాళ్ళు అందరూ వచ్చారు. ఆమె మొగుడు ఒక్కడే లేడు.